రెండరింగ్ వేగానికి ఏ గ్రాఫిక్స్ కార్డు: ముందు ఏ దశ వెనుకబడుతోందో తేల్చుకోవాలి

మీరు చెప్పిన వివరాలను మొదట ఒకచోట పెడతాను. మీ దగ్గర ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 6 జీబీ మెమరీ గల ఎన్విడియా జీటీఎక్స్ 1660 కార్డు, 32 జీబీ ర్యామ్ ఉన్నాయి. కెమెరా 4కే దృశ్యాన్ని 10 బిట్, 4:2:2 హెచ్‌ఈవీసీ (వీడియోను బాగా కుదించే రూపం, దీన్నే హెచ్‌.265 అని కూడా అంటారు) ఫైళ్లుగా ఇస్తోంది. డావిన్సీ రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగులు సరిదిద్ది, చీకట్లో తీసిన షాట్లకు నాయిస్ రిడక్షన్ (చిత్రంలోని చుక్కల గజిబిజిని తీసే ఎఫెక్టు) వేసి, 20 నిమిషాల టైమ్‌లైన్‌ను రెండర్ చేస్తే గంటకు పైగా పడుతోంది. ఎన్‌కోడర్‌ను (వీడియోను కుదించే భాగాన్ని) ప్రాసెసర్ మీద నడిచే ‘నేటివ్’ నుంచి ‘ఎన్విడియా’కు మార్చినా నాలుగైదు నిమిషాలే తగ్గింది. కుడా, ఓపెన్‌సీఎల్, ఎన్‌వెంక్, క్విక్ సింక్ అనే నాలుగింటిలో ఏది ఎక్కువ వేగమైనదో, ఇంకా పెద్ద కార్డు తీసుకుంటే సమయం సగానికి తగ్గుతుందో లేదో చెప్పమన్నారు.

ఈ నాలుగు పేర్లనూ ఒకే వరుసలో నిలబెట్టి పోల్చడం కుదరదు, ఎందుకంటే అవి ఒకే పనికి పోటీపడే వస్తువులు కావు. కుడా, ఓపెన్‌సీఎల్ అనేవి గ్రాఫిక్స్ కార్డులోని వేలాది చిన్న గణన కేంద్రాలతో లెక్కలు చేయించే మార్గాలు. రంగులు మార్చడం, పరిమాణం మార్చడం, నాయిస్ తీయడం వంటి పనులు వాటి మీద నడుస్తాయి. ఎన్‌వెంక్, క్విక్ సింక్ అనేవి వీడియోను కుదించడానికి, కుదించిన దానిని విప్పడానికి మాత్రమే చిప్పులో విడిగా కట్టిన భాగాల పేర్లు. కచ్చితంగా చెప్పాలంటే ఎన్‌వెంక్ కుదించే భాగం మాత్రమే, విప్పే భాగాన్ని ఎన్విడియా ఎన్‌వీడెక్ అంటుంది, ఇంటెల్ రెండింటినీ కలిపి క్విక్ సింక్ అనే ఒకే పేరుతో పిలుస్తుంది. కుడా కేంద్రాలు ఎన్ని ఉన్నా ఎన్‌వెంక్ వేగం పెరగదు, ఎన్‌వెంక్ ఎంత కొత్తదైనా నాయిస్ రిడక్షన్ ఒక్క ఫ్రేమ్ కూడా ముందుకు జరగదు. అనేకమంది డబ్బు వృథా అయ్యేది ఈ తేడా తెలియకనే కాబట్టి దీన్ని నొక్కి చెబుతున్నాను.

రెండరింగ్ అనే ఒక్క మాట కింద మూడు పనులు వరుసగా జరుగుతాయి. కెమెరా ఫైలును విప్పి ఒక్కొక్క ఫ్రేమ్‌ను బయటకు తీయడం మొదటిది, ఆ ఫ్రేమ్ మీద మీరు వేసిన ఎఫెక్టులన్నీ లెక్కించడం రెండవది, తయారైన ఫ్రేమ్‌ను మళ్లీ కుదించి డిస్కు మీద రాయడం మూడవది. ఒక ఫ్రేమ్ మూడవ దశలో ఉండగానే దాని తరువాతి ఫ్రేమ్ రెండవ దశలోను, ఆ పై ఫ్రేమ్ మొదటి దశలోను ఉంటాయి కాబట్టి మొత్తం వేగాన్ని నిర్ణయించేది మూడింటిలో అన్నిటికంటే నెమ్మదైన దశ. మొదటి దశ సెకనుకు 9 ఫ్రేములే అందించగలిగితే, సెకనుకు 150 ఫ్రేములను కుదించగల ఎన్‌కోడర్ మిగిలిన సమయమంతా ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది. మీరు ఎన్‌కోడర్ మార్చినప్పుడు నాలుగైదు నిమిషాలే తగ్గడానికి కారణం ఇదేనని నా గట్టి అభిప్రాయం. ఆ తగ్గిన కొద్ది సమయం కూడా, కుదించే భారం పోయినందువల్ల ప్రాసెసర్‌కు మొదటి దశ మీద పనిచేసే వీలు కాస్త పెరిగినందున దక్కినది.

మీ మొదటి దశ ఎందుకు నెమ్మదిస్తోందో చూద్దాం. 4:2:2 అంటే ప్రకాశం ప్రతి పిక్సెల్‌కూ నమోదవుతుంది, రంగు సమాచారం మాత్రం అడ్డంగా రెండు పిక్సెల్‌లకు ఒకటి చొప్పున నమోదవుతుంది. ఫోన్లలోను, నెట్‌లోను కనిపించే సాధారణ 4:2:0 వీడియోలో నిలువునా కూడా అదే కోత ఉండడం వల్ల రంగు సమాచారం 4:2:2లో ఉన్నదానిలో సగమే. సినిమాలు చూసేవారి కోసం తయారైన హార్డ్‌వేర్ డీకోడర్లు (విప్పే భాగాలు) ప్రధానంగా 4:2:0 కోసమే కట్టినవి, ఎందుకంటే చూసేవారికి చేరే వీడియో దాదాపుగా ఆ రూపంలోనే ఉంటుంది. మీ జీటీఎక్స్ 1660లోని డీకోడర్ 10 బిట్ హెచ్‌ఈవీసీని చక్కగా విప్పుతుంది, అయితే అది 4:2:2 కానప్పుడే. 4:2:2 ఫైలు వస్తే ఆ పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. ఎన్విడియా గేమింగ్ కార్డుల్లో 4:2:2ను విప్పే, కుదించే హార్డ్‌వేర్ 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితోనే మొదలైంది. అంటే ఆర్‌టీఎక్స్ 3090, 4090 వంటి పెద్ద కార్డులకు కూడా మీ కెమెరా ఫైలును విప్పడం చేతకాదు.

ఇంటెల్ ఈ విషయంలో చాలా ముందు మేలుకుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 2021 నాటి 11వ తరం నుంచి క్విక్ సింక్ 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీని విప్పగలదు. మీ ప్రాసెసర్ 12వ తరానిదే. కానీ దాని పేరు చివరనున్న ‘ఎఫ్’ అక్షరానికి అర్థం అంతర్గత గ్రాఫిక్స్ లేదని. గ్రాఫిక్స్ లేనప్పుడు దానితోపాటే ఉండే క్విక్ సింక్ కూడా లేనట్లే. ఎఫ్ లేని 12400 మీ దగ్గర ఉండి ఉంటే మీరు ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే బహుశా కలిగేది కాదు. ఎడిటింగ్ కోసం కంప్యూటర్ కూర్చుకునేవారు ‘విడి కార్డు ఎలాగూ ఉంది కదా’ అని ఎఫ్ రకం ఎంచుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. నేనూ ఒకసారి అదే ఎంపిక చేసి, ఆరు నెలల తరువాత ప్రాసెసర్ మార్చుకోవలసి వచ్చింది.

రెండవ దశ సంగతి వేరు. రిజాల్వ్ లోపల ప్రతి ఫ్రేమ్‌నూ 32 బిట్ దశాంశ సంఖ్యలుగా లెక్కిస్తుంది. 3840×2160 ఫ్రేమ్‌లో 82,94,400 పిక్సెల్‌లు ఉంటాయి. ఒక్కొక్కదానికి నాలుగు విలువలు, విలువకు 4 బైట్లు చొప్పున చూస్తే ఒక్క ఫ్రేమ్ సుమారు 133 ఎంబీ అవుతుంది. టెంపోరల్ నాయిస్ రిడక్షన్ ముందు రెండు, వెనుక రెండు ఫ్రేములతో పోల్చి చూస్తుందనుకుంటే, ఐదు ఫ్రేములకే 660 ఎంబీకి పైగా కార్డు మెమరీ పోతుంది. ప్రతి నోడ్‌కు (రిజాల్వ్‌లో ఒక్కో ఎఫెక్టు మెట్టుకు) మధ్యంతర ప్రతులు, కదలిక లెక్కలకు మరికొంత స్థలం, తెర మీద చూపించడానికి ఇంకొంత కలిపితే 6 జీబీ ఎంత త్వరగా నిండుతుందో ఊహించవచ్చు. నిండిన తరువాత రెండు రకాలుగా జరుగుతుంది. మెమరీ చాలలేదన్న సందేశంతో రెండర్ ఆగిపోవచ్చు, లేదా ఆగకుండా సమాచారాన్ని ర్యామ్‌కూ కార్డుకూ మధ్య అటూ ఇటూ మోస్తూ బాగా నెమ్మదించవచ్చు. రెండవది మరింత బాధాకరమైనది, ఎందుకంటే అందులో తప్పు ఎక్కడుందో తెర మీద ఏమీ కనిపించదు. ఎఫెక్టుల విషయంలో గణన కేంద్రాల సంఖ్య కన్నా ముందు కార్డు మెమరీ చూడమని నేను చెప్పేది ఇందుకే.

ఇదంతా మీరు చెప్పిన లక్షణాలను బట్టి నేను వేసిన అంచనా. ఏమైనా కొనే ముందు దీన్ని మీ యంత్రం మీదే పరీక్షించి తీరాలి, అందుకు అరగంట చాలు. టైమ్‌లైన్‌లో నాయిస్ రిడక్షన్ ఉన్న ఒక నిమిషం భాగాన్ని ఎంచుకుని, దాన్ని మూడు రకాలుగా రెండర్ చేయండి. మొదటిసారి రంగులు, ఎఫెక్టులు అన్నీ ఆపేసి డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే ఎడిటింగ్ వీడియో రూపంలోకి రాయించండి. ఆ రూపాన్ని రాయడం ప్రాసెసర్‌కు చాలా తేలిక కాబట్టి ఇక్కడ పట్టిన సమయమంతా దాదాపుగా విప్పడానికి పట్టినదే. రెండవసారి ఎఫెక్టులన్నీ తిరిగి వేసి, అదే డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లోకి రాయించండి. సమయం పెద్దగా పెరగకపోతే ఎఫెక్టులు అడ్డంకి కాదు, బాగా పెరిగితే అవే అడ్డంకి. మూడవసారి ఎఫెక్టులతోనే, మీరు మామూలుగా వాడే హెచ్‌.264 లేదా హెచ్‌ఈవీసీలోకి రాయించండి; రెండవసారికీ మూడవసారికీ ఉన్న తేడా ఎన్‌కోడర్ వల్ల వచ్చినది. పరీక్ష చేసేటప్పుడు రెండర్ కాష్ (ముందే లెక్కించిన ఫ్రేములను దాచి వాడుకునే ఏర్పాటు) ఆపివేసి ఉండాలని మాత్రం మరవకండి. కాష్ నుంచి తీసిన ఫ్రేములతో వచ్చిన సమయం ఏమీ చెప్పదు.

పరీక్ష నడుస్తుండగా విండోస్ టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు పేజీ తెరిచి ఉంచండి. అక్కడ ‘వీడియో డీకోడ్’, ‘వీడియో ఎన్‌కోడ్’ అనే గీతలు విడివిడిగా ఉంటాయి. మొత్తం శాతం ఒక్కటే చూసి ‘కార్డు 30 శాతమే పనిచేస్తోంది, సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంది’ అనుకోవడం పొరపాటు. గీత శీర్షిక మీద నొక్కితే కుడా, కంప్యూట్ వంటి ఇతర భాగాలు కూడా ఎంచుకోవచ్చు. మీ విషయంలో డీకోడ్ గీత నేల మీదే ఉండి, ప్రాసెసర్ గీత మాత్రం పైకప్పు తాకుతూ ఉంటే నా అంచనా నిజమైనట్లే. కార్డు మెమరీ గీత 6 జీబీ దగ్గర బిగుసుకుపోయి ఉంటే రెండవ దశ కూడా దోషే.

ఇక ఎంపికల పోలికకు వస్తాను. లెక్కింపు మార్గాల్లో మీరు ఎంచుకోవలసినది చాలా తక్కువ. 2007లో విడుదలైన కుడా ఎన్విడియా కార్డుల మీద మాత్రమే నడుస్తుంది. 2008 చివర్లో తొలి ప్రమాణం వెలువడిన ఓపెన్‌సీఎల్ ఏ సంస్థ కార్డు మీదైనా నడవగలదు. ఎన్విడియా కార్డు ఉన్నప్పుడు కుడాను వదిలి ఓపెన్‌సీఎల్ ఎంచుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ రాసేవారు ఆ కార్డుల కోసం శ్రద్ధగా మెరుగులు దిద్దేది కుడా మార్గానికే. ఏఎమ్‌డీ కార్డు ఉన్న విండోస్ యంత్రంలో రిజాల్వ్ ఓపెన్‌సీఎల్ వాడుతుంది, మాక్ మీద ఆపిల్ సొంత మార్గమైన మెటల్ వాడుతుంది. అంటే కార్డు ఎంచుకోవడంతోనే మార్గమూ నిర్ణయమైపోతుంది. మీరు వీడియో ఎడిటింగ్ కాక బ్లెండర్‌లో త్రిమితీయ దృశ్యాలు రెండర్ చేసేవారైతే ఈ పోలిక మొత్తం మారిపోతుంది. అక్కడ ఎన్‌కోడర్ల ప్రసక్తి దాదాపు ఉండదు, కాంతి కిరణాలను లెక్కించే హార్డ్‌వేర్‌ను వాడుకునే ఎన్విడియా మార్గం ఆప్టిక్స్ వల్ల ఆర్‌టీఎక్స్ కార్డులు స్పష్టంగా ముందుంటాయి, ఓపెన్‌సీఎల్‌ను బ్లెండర్ 3.0తోనే తొలగించారు.

ఎన్‌కోడర్ల విషయంలో తెలుసుకోవలసిన ముఖ్య సంగతి ఏమిటంటే, ఒకే తరంలోని చిన్న కార్డుకూ పెద్ద కార్డుకూ చాలాసార్లు అదే ఎన్‌కోడర్ ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3050లోను 3090లోను ఉన్నది ఒకే రకం ఎన్‌వెంక్, అదీ ఒక్కటే. 40 శ్రేణిలో 4070 టీఐ నుంచి పైకి రెండేసి ఎన్‌కోడర్లు పెట్టారు, 5090లో మూడు ఉన్నాయి. కాబట్టి కుదించే వేగం కోసమే అయితే ధర కాక తరం చూడాలి. నాణ్యత కూడా తరాన్ని బట్టే మారుతుంది: 2012లో కెప్లర్ కార్డులతో వచ్చిన తొలి ఎన్‌వెంక్‌కూ, 2018లో ట్యూరింగ్ తరం కార్డులతో వచ్చినదానికీ మధ్య కంటికి కనిపించే తేడా ఉంది. మీ 1660లో ఉన్నది ట్యూరింగ్ ఎన్‌కోడరే, దాన్ని తీసివేయవలసినంత లోపం అందులో లేదు. ఏవీ1 అనే మరింత కొత్త వీడియో రూపంలో కుదించాలన్న కోరిక ఉంటేనే ఆర్‌టీఎక్స్ 40, ఇంటెల్ ఆర్క్, ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 7000 శ్రేణులు లేదా వాటి తరువాతివి కావాలి. ఆర్‌టీఎక్స్ 30 శ్రేణి ఏవీ1ను విప్పగలదు కానీ కుదించలేదు. పేరు చూసి మోసపోయే అవకాశం ఉన్న కార్డులు కూడా ఉన్నాయి: ఎన్విడియా జీటీ 1030లోను, ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీలలోను హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ అసలే లేదు.

ఏఎమ్‌డీ గురించి న్యాయంగా చెప్పాలంటే, ధరకు తగిన మెమరీ విషయంలో ఆ కార్డులు తరచు ఉదారంగా ఉంటాయి, రంగుల పనికి అది నిజమైన లాభం. అయితే హెచ్‌.264 కుదింపు నాణ్యతలో అవి చాలా ఏళ్లు వెనుకబడి ఉన్నాయి. 2025 నాటి ఆర్‌ఎక్స్ 9000 శ్రేణిలో ఆ లోటును చాలావరకు సరిదిద్దారు. ఆర్‌ఎక్స్ 7000 శ్రేణిలో ఏవీ1 కుదించినప్పుడు 1080 వరుసల చిత్రం 1082 వరుసలుగా నమోదయ్యే ఒక చికాకు కూడా ఉంది. మీ 4:2:2 ఫైళ్లను దృష్టిలో పెట్టుకుంటే నేను మీకు ఈ దారి సూచించను.

ఆపిల్ ఎమ్ శ్రేణి చిప్పులు 4:2:2 హెచ్‌ఈవీసీని సునాయాసంగా విప్పుతాయి, 2021 నాటి ఎమ్1 ప్రో, మ్యాక్స్‌ల నుంచి ఆపిల్ ఎడిటింగ్ రూపమైన ప్రోరెస్ కోసం ప్రత్యేక హార్డ్‌వేర్ కూడా ఉంది. కానీ మీకున్న యంత్రాన్ని వదిలి వేరే వ్యవస్థకు మారమని ఈ ఒక్క సమస్య కోసం చెప్పడం సబబు కాదు.

మీ ముందు ఉన్న దారులు నా దృష్టిలో నాలుగు, వాటిలో మొదటిదానికి ఖర్చే లేదు. కెమెరా ఫైళ్లను పని మొదలుపెట్టకముందే రాత్రిపూట డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్ రూపంలోకి మార్చి పెట్టుకుని, వాటితోనే ఎడిట్ చేయవచ్చు. అందులో ప్రతి ఫ్రేమూ విడిగా నిలుస్తుంది కనుక ముందు వెనుకల ఫ్రేములు చూసి ఊహించవలసిన పని ఉండదు, ప్రాసెసర్ చకచకా విప్పుతుంది, 10 బిట్ 4:2:2 నాణ్యత కూడా నిలుస్తుంది. దీనికి చెల్లించవలసిన మూల్యం డిస్కు స్థలం: సెకనుకు 200 మెగాబిట్ల కెమెరా ఫైలు నిమిషానికి 1.5 జీబీ అయితే, ఇలాంటి ఎడిటింగ్ రూపాలు దానికి మూడు నాలుగు రెట్లు తీసుకుంటాయి. చిన్న ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తక్కువ పరిమాణపు నకళ్లు) చేసుకుంటే ఎడిటింగ్ సాఫీగా సాగుతుంది కానీ చివరి రెండర్ అసలు ఫైళ్లతోనే జరుగుతుంది కాబట్టి మీరు అడిగిన సమస్యకు అవి మందు కావు.

రెండవ దారి అదే సాకెట్‌లో ఎఫ్ లేని ప్రాసెసర్ పెట్టుకోవడం. అలా చేసినప్పుడు బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులలో) అంతర్గత గ్రాఫిక్స్‌ను విడి కార్డుతోపాటు పనిచేసేలా అమర్చాలి, లేకపోతే చాలా బోర్డులు దాన్ని తమంతట తామే నిద్రపుచ్చుతాయి. మూడవది మీ 1660ను అలాగే ఉంచి, రెండవ స్లాట్‌లో ఇంటెల్ ఆర్క్ ఏ380 వంటి చిన్న కార్డు చేర్చడం. దీన్ని నేను ఇష్టపడతాను, కానీ స్లాట్ చూసుకోవాలి. విప్పిన ఒక 10 బిట్ 4:2:2 ఫ్రేమ్ సుమారు 33 ఎంబీ. సెకనుకు 25 ఫ్రేములంటే 830 ఎంబీ ప్రయాణించాలి. కార్డులు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0లో నాలుగు లేన్ల (సమాచారం ప్రయాణించే దారుల) స్లాట్ సెకనుకు 3.9 జీబీ దాకా మోస్తుంది కాబట్టి సరిపోతుంది, ఒక్క లేన్ స్లాట్ అయితే మొత్తం దారి ఒక జీబీ లోపే కాబట్టి మళ్లీ అక్కడే ఇరుకవుతుంది. రిజాల్వ్ సెట్టింగులలో ఆ కార్డును విప్పడానికి మాత్రమే వాడి, లెక్కింపుకు ఎన్విడియా ఒక్కదాన్నే టిక్ చేయండి. రెండు కార్డులున్నంత మాత్రాన వాటి మెమరీలు కలిసిపోవు.

నాలుగవది ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి కార్డు. మూడు దశలనూ ఒకేసారి బాగుచేసేది ఇదొక్కటే: 4:2:2 విప్పుతుంది, లెక్కింపు వేగం పెరుగుతుంది, ఎన్‌కోడర్ కొత్తది వస్తుంది. హెచ్‌ఈవీసీయే కాక హెచ్‌.264 లోని 10 బిట్ 4:2:2ను కూడా విప్పుతుంది, కొన్ని కెమెరాలు ఆ రూపంలోనే రాస్తాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మీ రెండవ పరీక్షలో నాయిస్ రిడక్షన్ కూడా దోషిగా తేలితే, మూడవ దారికి పెట్టే ఖర్చును ఆపి ఇటే రండి. అప్పుడు 8 జీబీ కార్డు వద్దు. 5060 టీఐలో 8, 16 జీబీలు రెండూ ఉన్నాయి, మీ పనికి 16 జీబీదే తగినది. 8 జీబీ ఉన్న వేగవంతమైన కార్డు కన్నా 16 జీబీ ఉన్న మధ్యస్థపు కార్డు నాయిస్ రిడక్షన్‌లో మిమ్మల్ని తక్కువ విసిగిస్తుంది.

హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ వాడేటప్పుడు నాణ్యత గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. అదే బిట్‌రేట్ (సెకను వీడియోకు వాడే సమాచార పరిమాణం) వద్ద, నిదానంగా పనిచేసే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ కన్నా హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ ఫలితం కాస్త తక్కువగానే ఉంటుంది. పొగ, నీళ్లు, ఆకుల కదలిక, చీకటి గోడల మీద మెల్లగా మారే నీడలు ఉన్న షాట్లలో అది ముందుగా బయటపడుతుంది. వీడియో వేదికలకు పంపే ఫైలును వారు ఎలాగూ మళ్లీ కుదిస్తారు కాబట్టి అక్కడ బిట్‌రేట్ కాస్త ఎక్కువ ఇచ్చి హార్డ్‌వేర్‌నే వాడండి. చిన్న పరిమాణంలో ఏళ్ల తరబడి దాచుకోవలసిన ప్రతి అయితే మాత్రం, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లో ఒకసారి రాయించుకుని, హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌లో ఎక్స్‌265 (హెచ్‌ఈవీసీ సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్) నిదాన స్థాయితో రాత్రంతా కుదించుకోండి. ప్రీమియర్ ప్రో వాడేవారికి సంబంధించిన ఒక సంగతి కూడా ఇక్కడే చెప్పడం మంచిది: అందులో రెండు విడతల బిట్‌రేట్ ఎంచుకుంటే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఆగిపోయి పని ప్రాసెసర్ మీదికి మళ్లుతుంది, చాలామంది ఆ సంగతి గమనించరు.

ఏ దారి ఎంచుకున్నా, కొత్త భాగం పెట్టిన వెంటనే రిజాల్వ్ డీకోడ్ ఆప్షన్లలో హెచ్‌.264, హెచ్‌.265 హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఆ కార్డు పేరు టిక్ అయి ఉందో లేదో చూసి, ప్రోగ్రామ్‌ను మూసి తెరవండి. ఆ తరువాత మొదటి పరీక్షను మళ్లీ నడపండి. ఈసారి టాస్క్ మేనేజర్‌లో డీకోడ్ గీత పైకి లేచి, ప్రాసెసర్ గీత దిగిరావాలి. అలా జరగకపోతే డ్రైవర్ పాతదై ఉండవచ్చు, లేదా ఫైలు మీరనుకున్న రూపంలో లేకపోవచ్చు. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో ప్రోగ్రామ్‌లో క్లిప్ తెరిచి ‘క్రోమా సబ్‌శాంప్లింగ్’ ఎదురుగా 4:2:2 అనే ఉందో లేదో చూసి, ఆ వరుసలను మూడు పరీక్షల సమయాలతో కలిపి ఇక్కడ రాయండి. వాటిని చూసి తరువాతి అడుగు చెబుతాను.